లండను నగరమున నొక పుస్తకాల యంగడి

దూరదేశమునకు బోయినవారు ఉత్తచేతులతో దిరిగివచ్చుట మన యిండ్లలో నాచారము కాదు. మేమును లండను నగరమునకు బోవునపుడు కొనవలసిన వస్తువుల పట్టిక యొకటి వ్రాసికొని పోయితిమి. అందు లేని వస్తువే మాకు మిక్కిలి విలువైనదయ్యెను.

మా పినతండ్రిగారి కుమార్తె యచ్చట నుద్యోగము చేయుచు, తాను వలచిన స్నేహితురాలితో గాపురమున్నది. స్త్రీని వలచిన స్త్రీని లెస్బియన్ అనియు, పురుషుని వలచిన పురుషుని గే అనియు నందురు. మా యింట నీ ప్రసక్తి వచ్చినపుడెల్ల మేము మాట మార్చుచుంటిమి.

"అక్కా, బట్టల కొట్లు తరువాత చూద్దువుగాని, ముందు నాతో రా" యని మా చెల్లెలు మమ్ము వెంటబెట్టుకొని పోయినది. రసెల్ స్క్వేర్ స్టేషనున భూగర్భపు రైలు దిగి కొంచెము దూరము నడచినచో మార్చ్‌మంట్ వీథి వచ్చును. అందు 66వ నంబరు గల చిన్న యంగడి పేరు 'గేస్ ది వర్డ్'. 1979లో స్థాపింపబడిన యీ యంగడిలో నిట్టివారి జీవితములకు సంబంధించిన నవలలు, కవిత్వము, చరిత్రలు, ఇద్దరు తల్లులున్న యింటి పిల్లలకు దగిన బొమ్మల పుస్తకములు సైతము దొరకును. దేశదేశముల నుండి వచ్చు గే, లెస్బియన్ యాత్రికులు దీనిని వెదకికొని వత్తురు.

ఈ యంగడి సులభముగా నిలువలేదు. 1984 ఏప్రిలులో సుంకపు శాఖవారు వచ్చి, విదేశముల నుండి దెప్పించిన పుస్తకములు అసభ్యములని పట్టుకొనిపోయిరి. వానిలో టెనెసీ విలియమ్స్ వంటి ప్రసిద్ధుల రచనలును గలవు. నిర్వాహకులపై నేరము మోపబడెను. పాఠకులు చందాలిచ్చి నిలువబడిరి. 1986లో నభియోగములు విడిచిపెట్టబడెను. ఆ 1984-85 నాటి బొగ్గుగని కార్మికుల సమ్మెకు సాయపడిన గే, లెస్బియన్ బృందము సమావేశమైనదియు నిచ్చటనే. ఆ కథయే 2014లో 'ప్రైడ్' అను చలనచిత్రమయ్యెను.

"మన ఊళ్లో ఇలాంటి పుస్తకం అడుగుదామని మూడుసార్లు కొట్టుదాకా వెళ్లి, అడగలేక నోటుపుస్తకాలు కొనుక్కొని తిరిగొచ్చాను, అక్కా" అని చెల్లెలు మెల్లగా జెప్పినది. ఆ దినములలో మా యింటనే యుండి చదువుకొనిన పిల్ల! మేమడిగిన పాపమున బోలేదు.

పిదప లిబర్టీ యను పెద్ద యంగడికి బోయితిమి. 1875లో తూర్పుదేశముల సరకులతో మొదలైన వర్తకమిది. ఇప్పటి భవనము 1920ల నాడు రెండు పాత యుద్ధనౌకల కలపతో గట్టబడినది. పూల అచ్చుల నూలుబట్టకు ప్రసిద్ధి. దగ్గరనే సోహోలో ఓల్డ్ కాంప్టన్ వీథి గలదు. అచ్చట గే దంపతులు చేతులు పట్టుకొని నిర్భయముగా దిరుగుదురు. ఆ వీథిలోని యొక పానశాలలో 1999 ఏప్రిలు 30న బాంబు ప్రేలి ముగ్గురు మరణించిరి. ఆ పానశాల మరల దెరువబడినది.

పోదలచిన వారికి రెండు మాటలు. ఆదివారమున పెద్ద యంగళ్లు ఆరు గంటలు మాత్రమే తెరచియుండును. యాత్రికులు కొని తమ వెంట దెచ్చుకొను వస్తువులపై పన్ను తిరిగి యిచ్చు పద్ధతి 2021 జనవరి నుండి అచ్చట లేదు. కావున ధర చూచియే కొనవలెను.

మేము లిబర్టీలో పూలబట్ట రెండు ముక్కలు కొని, ఒకటి చెల్లెలికి, ఒకటి ఆమె స్నేహితురాలికి బొట్టుపెట్టి యిచ్చితిమి. మార్చ్‌మంట్ వీథిలో మాకై కొనిన పుస్తకము నేడు మా యింట భారత భాగవతముల సరసనే యున్నది. వచ్చినవారు దానిని జూచి, ఏమిటని యడుగుదురు. మేమిపుడు మాట మార్చుట లేదు.