కుక్కపిల్లకు గృహశిక్షణ

ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల ఇల్లు పాడుచేయగానే దానిని గోదావరి కాలువగట్టు మీద విడిచివచ్చేవారిని మనం ఎరుగుదుము. ఆ నేరం పిల్లదా, మనదా?

పుట్టిన తరువాత సుమారు మూడు వారాల వరకు తల్లి నాకనిదే పిల్ల విసర్జన చేయలేదు. పడకను వీడి దూరంగా పోయే అలవాటు కూడా తల్లి చెంతనే మొదలవుతుంది. కాబట్టి ఎనిమిది వారాలు నిండకుండా దానిని వేరుచేయరాదు. మూత్రాన్ని ఆపుకొనే శక్తి మూడు నాలుగు నెలలకు గాని కుదురుకోదు.

నిద్ర లేవగానే, తిండి తిన్న కొద్ది నిమిషాలకు, ఆట ముగియగానే పిల్లను పెరటిలో ఒకే చోటికి, కొబ్బరిచెట్టు మొదటికైనా సరే, తీసికొనిపోవాలి. రెండు నెలల పిల్లకు పగటివేళ గంటకొకసారి ఇది తప్పదు, వానాకాలమైనా మానరాదు. పని ముగిసిన క్షణంలోనే మెచ్చుకోవాలి. ఆలస్యమైన మెప్పు దానికి అర్థం కాదు.

లోపల పొరపాటు జరిగితే కొట్టడం, ముక్కును నేలకు రాయడం వ్యర్థం. దానివల్ల అది నేర్చేది మనలను చూచి దాగుకోవడమే. వాసన మిగిలిన చోటికే మరల పోతుంది గనుక నేలను శుభ్రంగా కడగాలి. టీకాలు పూర్తికాకముందు వీధికుక్కలు తిరిగే చోట్లకు తీసికొనిపోరాదు.

ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును అకారణంగా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే ఆ పిల్లను కాపాడేది చట్టం కాదు, కొన్ని నెలల మన ఓర్పు.