వికీపుటల పఠనాధికారము

వరాహనదీతీరమునందలి ఏటికొప్పాక అంకుడుకర్ర బొమ్మలకు ప్రసిద్ధము. లక్కలో సహజవర్ణములను కలిపి, తిరుగుచున్న కర్రకు అద్దుట ఇచ్చటి పనివారి విద్య. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గ్రామమును గూర్చి తెలుగు వికీపీడియాలో నున్న పుటను ఎల్లరును చదువవచ్చును. పనివారు తమ రంగుల పాళ్లను గూడ నొక వికీలో వ్రాసికొనదలచినచో, బొమ్మల పుటలు లోకమునకును, పాళ్ల పుటలు తమవారికి మాత్రమును కనబడవలయును. సర్వరు ఈ భేదమును పాటించుట యెట్లు?

పుట తెరచునప్పుడు చదువరి పేరును అధికారపట్టికతో సరిచూచిన జాలునని తోచును. ఒక్క పుటకైన జాలును. కాని వికీపుట బయటికి వచ్చు త్రోవలు పెక్కులు: వెదకుట, ఇటీవలి మార్పులు, వర్గముల పట్టిక, ఒక పుటను వేరొకదానిలో నిమిడ్చెడు మూస. వీనిని మరచుట తలవాకిట కావలియుంచి పెరటిత్రోవను తెరచియుంచుటయే. వెదకగా 500 పుటలు దొరకినప్పుడు ఒక్కొక్కదానికై డేటాబేసును వేరువేరుగ ప్రశ్నించినచో 500 ప్రశ్నలగును, సర్వరు మందగించును. ముందు తెచ్చి పిమ్మట తీసివేయుటయు దోషమే. ఇరువది చూపవలసిన తెరపై మూడే మిగులును. దొరకిన పుటల లెక్కయే దాచినవానిజాడ తెలుపును.

కావున అధికారమును పుటకు గాక పుటలగుంపునకు ముడివెట్టుట యుక్తము. ఇట్టి గుంపునకు తెలుగు వికీపీడియనులు పేరుబరి యని పేరిడిరి. 2004లో వెలువడిన డాకువికీ ఈ పద్ధతినే యవలంబించినది. పుటకు మిక్కిలి చేరువనున్న నియమమే అందు చెల్లును. పుటలు వేలైనను పేరుబరులు కొలదియే. చదువరి ప్రవేశించినతోడనే వానికి తెరచియున్న పేరుబరులను ఒక్కసారి నిర్ణయించి, ఆ నిర్ణయమును వెదకు ప్రశ్నలోనే చేర్చినచో, నిషిద్ధపుటలు డేటాబేసునుండియే వెలువడవు. అయితే దాచిన నిర్ణయము పాతబడును. సంఘమునుండి తొలగినవాని పేర నది నిలిచియున్నచో, వాడు పాళ్లను చదువుచునే యుండును. అధికారము మారిన క్షణముననే దానిని చెరపివేయవలయును. వేగమునకై కూర్చి దాచిన పుటవిషయమునను ఇంతే జాగరూకత వలయును. ఒకనికై కూర్చినది వేరొకనికి చేరరాదు.

వికీపీడియాను నడుపు మీడియావికీ పుటపుటకు పఠననిషేధము విధించుటకై నిర్మింపబడలేదని దాని నిర్మాతలే హెచ్చరించియున్నారు. వికీ నంతటిని మూసి, పేర్కొన్న కొన్ని పుటలను మాత్రము తెరచుటకు అందు వీలున్నది. దానినే వాడదలచినవారు రహస్యములకు వేరొక వికీని, వేరొక డేటాబేసును ఏర్పరచుకొనుట మేలు. అప్పుడు పుటపుటకు విచారణ యక్కరలేదు. కాని ఒకే బొమ్మను గూర్చి రెండుచోట్ల వ్రాసి, రెండింటిని సరిదిద్దుకొను శ్రమ పనివారిపై బడును.