సంతకం పెట్టే చేతికి చదివే కన్ను కావాలి
సంపన్న దేశాల్లోనే నలుగురిలో ఒకరికి చదువు అంతంతమాత్రం.. మరి అమ్ఘరాలో మనవాళ్ల సంగతేంటి?

కువైట్ నగరం నుంచి జహ్రా వైపు వెళ్తే వచ్చే పారిశ్రామిక ప్రాంతం అమ్ఘరా. తుక్కు యార్డులు, కలప గోదాములు, కర్మాగారాలు. మంట అంటుకుంటే అదుపు చేయడం కష్టమైన చోటు. ఇలాంటి చోట డబ్బా మీద అరబిక్‌లోనో, ఇంగ్లిష్‌లోనో ఉన్న ‘మండే పదార్థం’ అన్న రెండు మాటలు చదవగలగడం ప్రాణంతో సమానం.

ఉమ్మడి కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వచ్చినవారిలో పది పూర్తిచేయనివారు ఎందరో. పది పాస్ కాకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. కువైట్‌లాంటి దేశాలకు ఉద్యోగానికి రావాలంటే వీరికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అంటే చదువు కొరత మనిషి కంటే ముందే, పాస్‌పోర్టులోనే కువైట్ చేరుతుంది.

సంపన్నులదీ అదే కథ

దీన్ని పేద దేశాల సమస్య అనుకుంటే పొరపాటు. ఓఈసీడీ సంస్థ 31 దేశాలు, ప్రాంతాల్లో 16 నుంచి 65 ఏళ్లవారిని పరీక్షించి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. సభ్య దేశాల్లో సగటున 26 శాతం పెద్దలు చదవడంలో అట్టడుగు స్థాయి దాటలేదు. లెక్కల్లో 25 శాతం అంతే. చిన్న వాక్యాలు చదవగలరు. పెద్ద పత్రంలోంచి కావాల్సిన సంగతి వెతకాలంటే తడబడతారు.

పదేళ్ల కిందటితో పోలిస్తే చదివే నైపుణ్యం బాగా పెరిగింది ఫిన్లాండ్, డెన్మార్క్‌లలోనే. మిగతా చోట్ల ఉన్నచోటే ఉంది, లేదా తగ్గింది. అమెరికాలో అట్టడుగు స్థాయివారు 2017లో 19 శాతం ఉంటే, 2023కు 28 శాతమయ్యారు. బడి మానేశాక చదువు వాడకపోతే తుప్పు పడుతుందన్నమాట. ఈ సర్వేలో గల్ఫ్ దేశాలు లేవు. కానీ ఇక్కడి అవసరాలు అంతకంటే చిన్నవేం కాదు.

ఫిల్సుల లెక్క

దీనారుకు వెయ్యి ఫిల్సులు. వంద పైసల రూపాయికి అలవాటైన కంటికి చుక్క తర్వాత మూడు అంకెలు తికమకే. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం (2010) ప్రకారం పని రోజుకు 8 గంటలు. అదనపు గంటకు మామూలు కూలి కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి.

నెల జీతం 130 దీనార్లు అనుకుందాం. 26 రోజులతో భాగిస్తే రోజుకు 5 దీనార్లు, గంటకు 625 ఫిల్సులు. అదనపు గంటకు సుమారు 781 ఫిల్సులు. నెలలో 24 గంటలు అదనంగా చేస్తే 18.750 దీనార్లు రావాలి. మామూలు కూలే లెక్కగట్టి 15 దీనార్లు చేతిలో పెడితే ఎంత పోయిందో తెలియాలంటే భాగహారం, శాతం వస్తే చాలు. ఇళ్లలో పనిచేసేవారికి వేరే చట్టం (2015) ఉంది. ఎవరికి ఏది వర్తిస్తుందో తెలియాలన్నా అకామాలో రాసి ఉన్నది చదవాలి.

యాప్ తాళం ఎవరి చేతిలో?

ఇప్పుడు ఫోన్ కూడా చదువు అడుగుతోంది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు రంగంలో ప్రవాస కార్మికుడు దేశం దాటాలంటే ముందుగా ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, యజమాని ఆమోదించాలి. ‘సహెల్’ యాప్ అరబిక్, ఇంగ్లిష్‌లలో ఉంటుంది. తెలుగే చక్కగా రానివారు ఏం చేస్తారు? ‘అన్నా, కాస్త చూసిపెట్టు’ అంటూ ఫోన్, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ పక్కవాడికి ఇచ్చేస్తారు. వాడు మంచివాడైతే సరే. కాకపోతే బ్యాంకు ఖాతా కూడా వాడి చేతిలోకి వెళ్లినట్టే.

నేను సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని. మాకు ‘చాలా సులువు’ అనిపించే తెర, చదవలేనివారికి గోడ.

నెల్లూరు నేర్పిన పాఠం

పెద్దలకు చదువు ఎలా చెప్పాలో మనకు తెలియంది కాదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో మహిళలు చదివిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. సారా వల్ల కూలిన ఓ కుటుంబం కథ అది. అందులో తమ ఇల్లే కనిపించింది వారికి. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. అఆల కంటే ముందు తమ బతుకును చదివారు కాబట్టే ఆ చదువు నిలబడింది.

అమ్ఘరా కార్మికుడికి అలాంటి వాచకం ఏది? జీతం చీటీ, సివిల్ ఐడీ, ఒప్పంద పత్రం, మందుల చీటీ, హెచ్చరిక బోర్డు. ఇవే పాఠాలు.

మనం చేయగలిగింది

పెద్ద సభలు, చందాలు అక్కర్లేదు. శుక్రవారం ఒక గంట, ఒక గది, ముగ్గురు నలుగురు చాలు. మొదటి వారం జీతం చీటీ, తర్వాతి వారం ఓటీపీ ఎవరికీ ఎందుకు చెప్పకూడదో. వాళ్ల పని మనం చేసిపెట్టడం తేలిక. వాళ్ల వేలితోనే చేయించడం కష్టం. కానీ నిలిచేది అదే.

ఊళ్లో ఉన్న భార్యకో, అమ్మకో కేంద్రం నడిపే ‘ఉల్లాస్’ కార్యక్రమం ఉంది. 15 ఏళ్లు దాటినవారికి అక్షరాలతోపాటు డిజిటల్, ఆర్థిక వ్యవహారాల అవగాహన కూడా అందులో భాగం. పది ఆగిపోయినవారికి సార్వత్రిక పాఠశాలలు ఉన్నాయి. పది పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ కూడా తీయించుకోవచ్చు.

మన పిల్లలకు వేలు పోసి కోడింగ్ నేర్పిస్తున్నాం. అదే వేలితో ఓ పెద్దాయనకు జీతం చీటీ చదవడం నేర్పమందాం. పిల్లలకు తెలుగూ వస్తుంది, ఆయనకు లెక్కా వస్తుంది.