పోలికయు చుట్టఱికమును

నీటిలో నీదునదెల్ల చేప కాదు. తిమింగిలము రూపమున చేపను పోలియుండును; కాని ఊపిరితిత్తులతో శ్వాసించును, పిల్లను కని పాలిచ్చును. తొలుత దానిని చేపలలో చేర్చిన స్వీడను పండితుడు లినేయసు, 1758లో తానే క్షీరదములలోనికి మార్చెను. వర్గీకరణమునకు వంశమే ఆధారము కావలెనని 1859లో డార్విను చెప్పెను.

అయితే జీవుల వంశావళిని వ్రాసి యుంచినవారు లేరు. శిలాజములు కొన్నియే దొరకును. ఒకే విధముగ జీవించుటచే వేఱు వంశముల ప్రాణులును ఒకే రూపము దాల్చును. ఒకే వంశమునందలివి వేఱు తావులకు చేరి గుర్తింపరాకుండ మారును. నేడున్న జంతువులలో తిమింగిలమునకు మిక్కిలి దగ్గఱి చుట్టము నీటిగుఱ్ఱమని 1990 తరువాతి జన్యుపరిశోధనలు తెలిపినవి!

కావున బాలలారా! పోలిక నొక్కదానినే చూచి చుట్టఱికమును నిర్ణయింపరాదు. సాక్ష్యము లభించినపుడు, లినేయసువలె తన తీర్పును తానే దిద్దుకొనువాడే నిజమైన శాస్త్రజ్ఞుడు.