ప్లేటు ఒక ఊరిది, బేరం ఇంకో ఊళ్లో

రాత్రి పది దాటాక మాంచెస్టర్ పిక్కడిలీ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే, దీపాలు ఆర్పేసి ఓ పక్కగా ఆగి ఉన్న కార్లు కనిపిస్తాయి. డ్రైవరు సీట్లో మనిషి ఉంటాడు, అతని ముఖం మీద ఫోను వెలుగు పడుతుంటుంది. కారు వెనక్కి వెళ్లి చూస్తే, రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు ఇంకో చిన్న పలక బిగించి ఉంటుంది. దాని మీద లైసెన్సు నంబరు, గడువు తేదీ, లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్ పేరు రాసి ఉంటాయి. చాలా కార్ల మీద కనిపించే పేరు మాంచెస్టర్ కాదు, వుల్వర్‌హాంప్టన్. అది అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరు.

మన ఊళ్ల నుంచి అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు ఎందరో రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి చేరేది ఇలాంటి కార్లలోనే. అందుకే ఈ పలక కథ మనకూ తెలియాలి.

ఇంగ్లండులో అద్దె కార్లు రెండు రకాలు. ఒకటి హ్యాక్నీ క్యారేజ్, అంటే అసలు టాక్సీ. అది స్టాండులో నిలబడవచ్చు, రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగి ఎక్కించుకోవచ్చు. రెండోది ప్రైవేట్ హైర్, జనం మినీక్యాబ్ అంటారు. దానికి ముందుగా బుకింగ్ ఉండి తీరాలి, బుకింగ్ లేకుండా దారిన పోయేవాళ్లను ఎక్కించుకోవడం నేరం. ఉబర్ కార్లు ఈ రెండో రకం కిందికి వస్తాయి. లండన్ బయట వీటిని నడిపించేది 1976 నాటి చట్టం, లండన్‌కు 1998లో విడిగా ఇంకో చట్టం వచ్చింది. లైసెన్సులిచ్చే సంస్థలు ఒక్క ఇంగ్లండులోనే 260కి పైగా ఉన్నాయి.

మినీక్యాబ్‌కు మూడు లైసెన్సులు కావాలి. కారుకు ఒకటి, డ్రైవరుకు ఒకటి, బుకింగ్ తీసుకునే ఆపరేటర్‌కు ఒకటి. మూడూ ఒకే కౌన్సిల్ ఇచ్చినవై ఉండాలి. ఈ మూడు ముళ్లూ సరిగ్గా పడితే ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినా చట్టానికి పట్టింపు లేదు. 1976లో అది సబబుగానే ఉండేది. ఆపరేటర్ అంటే ఆ రోజుల్లో ఊళ్లో ఒక గది, బల్ల మీద ఒక టెలిఫోను, బుకింగులు రాసుకునే ఒక పుస్తకం. పక్క ఊరి మనిషి ఈ ఊరి గదికి ఫోను చేసి కారు పిలిపించుకునే సందర్భాలు తక్కువ. చట్టంలో గీత గీయకపోయినా దూరమే గీత గీసింది.

ఫోను యాప్ ఆ దూరాన్ని చెరిపేసింది. దానికి తోడు 2015 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ఒక సవరణ తలుపు బార్లా తెరిచింది. తన దగ్గరకొచ్చిన బుకింగ్‌ను ఒక ఆపరేటర్ వేరే కౌన్సిల్ పరిధిలోని ఆపరేటర్‌కు అప్పగించవచ్చని ఆ సవరణ చెప్పింది. పెద్ద కంపెనీలకు చాలా కౌన్సిళ్లలో ఆపరేటర్ లైసెన్సులుంటాయి కాబట్టి, మాంచెస్టర్‌లో నొక్కిన బుకింగ్ కాగితం మీద వుల్వర్‌హాంప్టన్ బుకింగ్ అయిపోవడానికి అడ్డేమీ లేదు. ఇక డ్రైవర్లు ఎక్కడ ఫీజు తక్కువో, ఎక్కడ లైసెన్సు త్వరగా చేతికొస్తుందో అక్కడికే వెళ్లారు. రెండున్నర లక్షల పైచిలుకు జనాభా ఉన్న వుల్వర్‌హాంప్టన్ వేల సంఖ్యలో లైసెన్సులిచ్చింది. వాటిని తీసుకున్నవారిలో అత్యధికులు ఆ ఊళ్లో ఉండేవారు కాదు.

సరే, బుకింగ్ వచ్చాక పనిచేయడం చట్టబద్ధమే. మరి బుకింగ్ రాకముందు, పరాయి ఊళ్లో కారు ఆపుకుని దాని కోసం కాచుకుని ఉండటం మాటేమిటి? ఈ ప్రశ్న రెడింగ్ పట్టణం నుంచి లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. లండన్ లైసెన్సున్న ఒక ఉబర్ డ్రైవరు 2017లో రెడింగ్‌లో కారు ఆపుకుని ఉన్నాడు. అక్కడి కౌన్సిల్ అధికారులు ఫోనులో యాప్ తెరిస్తే అతని కారు బొమ్మ మ్యాపు మీద కనిపించింది. స్టాండులో నిలబడి బేరం కోసం చూసే టాక్సీకీ దీనికీ తేడా ఏముందని కేసు పెట్టారు. కింది కోర్టు కొట్టేసింది, 2019లో హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. కారు మీద రమ్మని పిలిచే బోర్డేమీ లేదు, బుకింగ్ లేకుండా ఎవరూ ఎక్కలేరు, మ్యాపు మీద బొమ్మ కనిపించినంత మాత్రాన బేరానికి పిలిచినట్టు కాదన్నది ఆ తీర్పు సారాంశం. అంటే కాచుకుని కూర్చోవడం నేరం కాదు.

తీర్పు న్యాయమైనదేనని నా అభిప్రాయం. డ్రైవరు వైపు నుంచి చూడండి. బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ విమానాశ్రయానికి ఒక కుటుంబాన్ని దింపాడు. అక్కడి నుంచి వెనక్కి ఖాళీగా రావాలంటే డీజిలు ఖర్చు అతనిదే, దారిలో పోయే కాలమూ అతనిదే. కాసేపు ఆగి తిరుగు బేరం చూసుకోవడం తప్పెలా అవుతుంది? పొట్టకూటి కోసం ఉన్న నిబంధనను వాడుకున్నవాణ్ని దొంగలా చూడటం తగదు.

తప్పు ఇంకో చోట ఉంది. మాంచెస్టర్‌లో ఒక కారు టైర్లు అరిగిపోయి తిరుగుతోందనుకోండి. అక్కడి లైసెన్సింగ్ అధికారి కళ్లారా చూసినా ఆ కారును తనిఖీకి ఆపలేడు, లైసెన్సు నిలిపేయలేడు. ఆ అధికారం పలక మీద పేరున్న కౌన్సిల్‌కే ఉంది. ఇతను చేయగలిగిందల్లా వాళ్లకు రాసి పంపడం. వుల్వర్‌హాంప్టన్ తన అధికారులను వేరే నగరాలకు పంపి తనిఖీలు చేయిస్తుంటుంది, కాదనను. కానీ ఒక ఊరి కౌన్సిల్ దేశమంతా తిరిగే వేల కార్ల మీద ఎంతని కన్నేసి ఉంచగలదు? లైసెన్సు ఫీజు ఒక ఊరికి పోతోంది, ప్రయాణికుడి కష్టం మరో ఊరి గడపలో పడుతోంది.

ఇది టైర్లతో ఆగే విషయం కాదు. రోథర్‌హామ్ పట్టణంలో కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి బలయ్యారని 2014లో వచ్చిన నివేదిక తేల్చినప్పుడు, అందులో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర కూడా బయటికొచ్చింది. నిజాయితీగా బండి నడుపుకునే వేలమంది మీద ఆ మచ్చ వేయకూడదు. అయితే ఒక కౌన్సిల్ కాదన్న మనిషి మరో కౌన్సిల్ దగ్గర లైసెన్సు సంపాదించే సందు ఉండనే కూడదు. తిరస్కరణలు, రద్దులు అన్ని కౌన్సిళ్లకూ కనిపించే జాతీయ రిజిస్టరు వాడకం 2022 చట్టంతో తప్పనిసరి అయింది. అది మంచి అడుగు. ఇలాంటి దోపిడీపైనే ప్రభుత్వం కోసం సమీక్ష జరిపిన లూయీస్ కేసీ 2025 జూన్‌లో తన నివేదికలో మరో మాట సూటిగా చెప్పారు. బయటి ఊళ్ల లైసెన్సులతో టాక్సీలు నడిచే పద్ధతికి వెంటనే స్వస్తి చెప్పాలన్నారు. ఆమె సిఫార్సులన్నిటినీ ప్రభుత్వం అంగీకరించింది.

ప్రయాణం మొదలో చివరో లైసెన్సున్న ఊళ్లోనే ఉండాలన్న సూచన 2018లోనే ప్రభుత్వ నిపుణుల బృందం చేసింది. నాకు అదే సరైన దారనిపిస్తుంది. విమానాశ్రయంలో దింపినవాడు తన ఊరికి తిరుగు బేరం తెచ్చుకోవచ్చు, నోటికాడి కూడు పోదు. పరాయి ఊళ్లోనే మకాం వేసి ఏడాది పొడుగునా తిరగడం మాత్రం కుదరదు. అయితే దాంతో పాటు ప్రతి కౌన్సిల్ ఒకే ప్రమాణం పాటించాలి, లైసెన్సు సకాలంలో ఇవ్వాలి. నెలల తరబడి దరఖాస్తు నానబెట్టిన కౌన్సిల్‌కు, డ్రైవరు పక్క ఊరికి పోయాడని ఫిర్యాదు చేసే హక్కు లేదు.

పరాయి నంబరు బండి గొడవ మనకూ కొత్తేమీ కాదు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరాక, హైదరాబాద్‌లో ఏపీ నంబరు క్యాబ్‌లు తిరగడంపై స్థానిక డ్రైవర్లు అభ్యంతరం చెప్పారు. ఆంధ్ర డ్రైవర్లు వెళ్లి పవన్ కల్యాణ్‌కు గోడు వినిపించుకున్నారు. అక్కడిలాగే ఇక్కడా గీత గీయాల్సింది ప్రభుత్వాలు, నలిగిపోతున్నది స్టీరింగు పట్టుకున్నవాడు.

అక్కడున్న మన పిల్లలకు ఒక్క మాట. కారు ఎక్కేముందు దాని నంబరు, డ్రైవరు ఫొటో యాప్‌తో సరిచూసుకోండి. వెనక పలక మీది కౌన్సిల్ పేరు, లైసెన్సు నంబరు ఫోనులో ఫొటో తీసుకోండి. ప్రమాదం అనిపిస్తే 999కి ఫోను చేయండి, పోలీసులకు ఏ ఊరి కారునైనా ఆపే అధికారం ఉంది. కారు మీద గానీ డ్రైవరు మీద గానీ ఫిర్యాదు చేయాల్సి వస్తే మీరున్న ఊరి కౌన్సిల్‌కు కాదు, ఆ పలక మీద పేరున్న కౌన్సిల్‌కు రాయండి. ఆ లైసెన్సు మీద చర్య తీసుకోగలిగేది వాళ్లే.