తలసరి లెక్కల్లో చైనా, మనం

1990లో మన తలసరి జీడీపీ దాదాపు 370 డాలర్లు. అదే ఏడాది చైనాది 320 డాలర్లు. 2023 నాటికి చైనా 12,500 డాలర్లు దాటిపోయింది, మనం 2,500 దరిదాపుల్లో ఉన్నాం. ఒకప్పుడు కాస్త ముందున్నవాళ్లం ముప్పై మూడేళ్లలో అయిదో వంతుకు చేరామన్నమాట. ప్రపంచ బ్యాంకు లెక్కలే ఇవి, తప్పేమీ లేదు. కాకపోతే వీటిని ఎలా చదవాలన్నదే అసలు సంగతి.

ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, అందిన సేవల మొత్తం విలువను జనాభాతో భాగిస్తే తలసరి జీడీపీ వస్తుంది. రెండు దేశాలను పోల్చాలంటే రెంటినీ ఒకే కరెన్సీలోకి మార్చాలి. చిక్కంతా ఇక్కడే. 1991 జులైలో పీవీ నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించింది. దాంతో ఆ ఒక్క ఏడాదే డాలర్లలో మన తలసరి 370 నుంచి 300 చిల్లరకు దిగింది. పొలాల్లో పంట, ఫ్యాక్టరీల్లో సరుకు అంతగా పడిపోలేదు. పడిపోయింది రూపాయి.

ధరల తేడా ఇంకో చిక్కు. విజయవాడలో మామూలు సెలూన్లో కటింగ్ నూట యాభై రూపాయలకు అయిపోతే, న్యూయార్క్‌లో పాతిక ముప్పై డాలర్లు అవుతుంది. కత్తెర పని ఒకటే అయినా, డాలర్ల లెక్కలో మన కటింగ్ విలువ రెండు డాలర్లు కూడా ఉండదు. ఈ తేడాను సరిచేసి లెక్కగట్టేదే కొనుగోలు శక్తి ప్రమాణం, అంటే పీపీపీ. ఆ కొలతలో చైనా తలసరి మనకు దాదాపు రెండున్నర రెట్లే. జనం బతుకులను పోల్చడానికి ఇదే మేలు. విదేశాల నుంచి ముడిచమురో, విమానాలో కొనే తాహతు తెలియాలంటే మాత్రం డాలర్ల లెక్కే చూడాలి.

ఏ కొలత వాడినా చైనా ముందుకెళ్లిన మాట నిజం. ధరల పెరుగుదల తీసేసి చూస్తే, 1990 తర్వాతి మూడు దశాబ్దాల్లో వాళ్ల తలసరి ఏటా సగటున ఎనిమిది శాతానికి పైగా, మనది నాలుగున్నర శాతం దాకా పెరిగింది. 72ను వృద్ధి రేటుతో భాగిస్తే రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. ఎనిమిది శాతానికి తొమ్మిదేళ్లు, నాలుగున్నరకు పదహారేళ్లు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఒకరిది పదింతలైతే, ఇంకొకరిది నాలుగింతలు కూడా కాలేదు.

చైనా వేగానికి పునాది 1990 కంటే ముందే పడింది. 1978 చివర్లో అన్హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు ఉమ్మడి భూమిని కుటుంబాలవారీగా సాగు చేసుకోవాలని రహస్యంగా కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఊరి నాయకులు జైలుకెళ్తే వాళ్ల పిల్లలను మిగతావాళ్లు పెంచాలన్నది అందులో ఒక షరతు. తర్వాత ప్రభుత్వమే ఆ పద్ధతిని దేశమంతటా అనుమతించింది. 1980లో షెన్‌జెన్‌లో ప్రత్యేక ఆర్థిక మండలి తెరిచింది. అప్పటికి ఇద్దరి తలసరీ తక్కువే. కానీ 1981 జనగణనలో మన అక్షరాస్యత 44 శాతం లోపే ఉంటే, చైనాలో దాదాపు మూడింట రెండొంతుల మందికి చదువొచ్చు. వాళ్ల సగటు ఆయుర్దాయం మనకన్నా దాదాపు పదేళ్లు ఎక్కువ. ఫ్యాక్టరీలు వచ్చేసరికి పనివాళ్లు సిద్ధంగా ఉన్నారు. తలసరి అంకెలో ఇదేదీ కనిపించదు.

ఉత్పత్తి అయినదంతా ఇంటికి చేరుతుందనీ కాదు. చైనా జీడీపీలో కుటుంబాల ఖర్చు వాటా 40 శాతానికి అటూఇటూ ఉంటే, మన దగ్గర అది 60 శాతం దాకా ఉంటుంది. మిగతాదాంట్లో పెద్ద భాగాన్ని వాళ్లు రోడ్లు, రైళ్లు, ఫ్యాక్టరీలు, ఇళ్ల నిర్మాణానికి మళ్లించారు. అందుకే జనం అనుభవించే వస్తుసేవల్లో ఇద్దరి మధ్య దూరం తలసరి జీడీపీ చెప్పేదానికన్నా తక్కువ.

చైనా కన్నా మనం వెనకబడ్డాం, అందులో సందేహం లేదు. ఎంత వెనకబడ్డామో ఎవరైనా చెబితే మాత్రం, ఏ ఏడాది నుంచి, ఏ కొలతతో లెక్కగట్టారో ముందు అడగండి.