తోటకూర పెంచిన రన్‌వే

ఒక్కసారి మీ ఫోన్‌లో ఫుడ్ యాప్ తెరవండి. ఆర్డర్ హిస్టరీలోకి వెళ్లి పోయిన నెల మొత్తం కూడండి. నేను ఆ పని చేసింది రెండేళ్ల కిందట, మార్చి ఆఖర్లో. అంతకు మూడు రోజుల ముందే ఉద్యోగం పోయింది. పదకొండు నిమిషాల వీడియో కాల్, ఒక మెయిల్, ల్యాప్‌టాప్ వాపసు... అంతే. రూమ్‌లో కూర్చుని లెక్క వేస్తే, బయటి తిండికి ఒక్క నెలలో అయింది 9,400 రూపాయలు!

స్టార్టప్‌లవాళ్లు ‘రన్‌వే’ అనే మాట వాడతారు. చేతిలో ఉన్న డబ్బుతో ఇంకెన్ని నెలలు నడవగలమో, అది రన్‌వే. నా దగ్గర ఉన్నవి 84 వేలు. అద్దె వాటా, కరెంటు, ఫోన్, బస్సు, తిండి అన్నీ కలిపి నెలకు 21 వేలు. అంటే సరిగ్గా నాలుగు నెలలు. ఆలోపు ఉద్యోగం రాకపోతే హైదరాబాద్ వదిలి ఊరెళ్లాలి, లేదా ఏది దొరికితే అందులో చేరాలి. అద్దె తగ్గదు, ఫోన్ బిల్లు తగ్గదు. చేతిలో ఉన్నది తిండి ఖర్చు ఒక్కటే.

కోచింగ్ కోసం వచ్చి రూమ్‌లో ఉంటున్నా, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నా, ఫస్ట్ జాబ్ వేటలో ఉన్నా మీ లెక్క కూడా దాదాపు ఇదే. అందుకే ఈ ఎండాకాలం వంటల గురించి కెరీర్ పేజీలో రాస్తున్నా.

మేడ మీది మలుపు

మేముండేది మూడో అంతస్తుపైన, మేడ మీది గదిలో. పక్కనే మా ఓనర్ ఆంటీ గ్రో బ్యాగులు. తోటకూర, గోంగూర, బచ్చలి, పిట్టగోడ మీదికి పాకిన బీరతీగ. రెండేళ్లు వాటి పక్కనుంచే ఫోన్ చూసుకుంటూ నడిచాను. ఆంటీది వరంగల్ వైపు. ఒకరోజు నా చేతిలో పార్సిల్ చూసి, ‘‘ఏంది బాబూ, రోజూ గా డబ్బాలేనా? పైన గింత కూర ఉన్నది, తెంపుకోరాదూ?’’ అంది. బదులుగా సాయంత్రాలు మొక్కలకు నీళ్లు పోయాలి. అదే మా ఒప్పందం.

ఇక్కడో నిజం చెప్పాలి. మొక్కలు నాకు పెద్దగా డబ్బు మిగల్చలేదు. ఆకుకూర కట్ట బజార్లో ఖరీదేం కాదు కదా! అవి చేసిన పని వేరు. కోసిన తోటకూర ఎండాకాలంలో సాయంత్రానికి వాడిపోతుంది. కోశామంటే వండాల్సిందే. వండితే ఆర్డర్ ఉండదు. అసలు ఆదా అక్కడుంది. రెండో నెలకు నా తిండి ఖర్చు 3,800కు దిగింది. నాలుగు నెలల రన్‌వే ఐదున్నర నెలలైంది.

ఐదు సంచులు చాలు

తర్వాత నేనూ ఐదు గ్రో బ్యాగులు పెట్టుకున్నా. మట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు అన్నీ కలిపి 600 రూపాయలయ్యాయి. మీకు మేడ లేకపోతే బాల్కనీలో రెండు పాత బకెట్లున్నా సరే. అడుగున రంధ్రాలు మాత్రం పెట్టాలి.

ఎండకు తట్టుకునేవాటితో మొదలుపెట్టండి. తోటకూర విత్తితే నెల తిరిగేలోపు కోతకొస్తుంది. వేళ్లతో పీకకుండా మొదలు మీద రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు. బజార్లో కొన్న కట్టలోని లావు కాడను మట్టిలో గుచ్చితే చాలు. పుదీనా కాడల్ని గ్లాసు నీళ్లలో ఉంచితే వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. గోంగూరకు ఎండంటే లెక్కే లేదు. కొత్తిమీర జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. నేను పోయాను. నడి ఎండలో పెట్టిన మొలకలు నాలుగు రోజుల్లో మాడిపోయాయి.

నీళ్ల సంగతి. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో మొక్కలకు నీళ్లంటే ఓనర్లు ఊరుకోరు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్లో పట్టండి. ఇద్దరున్న రూమ్‌లో ఐదు సంచులకు దాదాపు అవే సరిపోతాయి. ఉప్పు కలిసిన నీళ్లు వద్దు. పొద్దున్నే, లేదా ఎండ దిగాక పోయాలి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు. నడి మధ్యాహ్నం నీడ కోసం ఒక పాత చున్నీ కట్టినా పనవుతుంది.

ఒక స్టవ్, ఒక కుక్కర్

మా రూమ్ వంటగదిలో ఉన్నది ఒకే బర్నర్. మేడ మీది గది మే నెలలో ఎలా ఉంటుందో తెలిసిందేగా! కాబట్టి నా రూల్: స్టవ్ అరగంట కంటే ఎక్కువ వెలగకూడదు. ఆ రూల్‌కు నిలబడ్డ వంటలు ఇవి.

తోటకూర మామిడికాయ పప్పు: ఇద్దరికి అరకప్పు కందిపప్పు. పప్పు, తరిగిన తోటకూర, పచ్చిమిర్చి, పసుపు, నీళ్లు కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్. పుల్లటి మామిడికాయ ముక్కలు మొదట్లోనే వేయొద్దు. పులుపు పడితే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. మూత తీశాక ముక్కలు, ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడికించి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో తాలింపు పెట్టండి. గోంగూర పప్పుకూ ఇదే సూత్రం. ఆంటీ అయితే ఇదే పప్పులో గంగవాయిలి కూర వేసేది. ఆ ఆకులోనే పులుపుంటుంది, మామిడికాయ తగ్గించుకోవచ్చు.

బీరకాయ, ఒకటి కొంటే రెండు: చెక్కు పారేయకండి. నూనెలో చెక్కు, పచ్చిమిర్చి వేయించి, కాస్త చింతపండు, జీలకర్ర, ఉప్పుతో మిక్సీ పడితే బీరపొట్టు పచ్చడి. లోపలి కండ ఉల్లిపాయతో మూత పెట్టి మగ్గిస్తే కూర. బీరకాయలోనే నీళ్లుంటాయి, విడిగా పోయనక్కర్లేదు. మధ్యాహ్నం కూర, రాత్రికి పచ్చడి.

దోసకాయ పచ్చడి, అన్నం తప్ప అంతా స్టవ్ లేకుండానే: పచ్చిమిర్చి, చింతపండు, జీలకర్ర, ఉప్పు కచ్చాపచ్చాగా నూరి, సన్నగా తరిగిన దోసకాయ ముక్కల్లో కలపండి. కొత్తిమీర ఉంటే పైన చల్లండి. తాలింపు మీ ఓపిక.

సొరకాయ పెరుగు పచ్చడి: లేత సొరకాయ ముక్కలు ఉప్పు వేసి ఉడికించి, చల్లారాక చిలికిన పెరుగులో కలిపి తాలింపు పెట్టాలి. ముక్కలు వేడిగా ఉండగా పెరుగు పోస్తే విరిగినట్టవుతుంది. ఎండలో తిరిగొచ్చిన రోజు దీనికి మించింది లేదు.

మామిడికాయ పులిహోర: ఇంటర్వ్యూ ఉన్న రోజు బాక్సులోకి నాకిదే. అన్నం పొడిపొడిగా ఆరబెట్టి, తురిమిన పచ్చి మామిడికాయ, పల్లీలు, శనగపప్పు తాలింపు కలపడమే. పులుపు, నూనె ఉంటాయి కాబట్టి పొద్దున కట్టుకున్నది మధ్యాహ్నానికి నిలుస్తుంది. కారిపోదు, చొక్కా మీద మరక పడదు!

చద్దన్నం: రాత్రి మిగిలిన అన్నం పూర్తిగా చల్లారగానే నీళ్లు పోసి, చెంచా మజ్జిగ కలిపి మూత పెట్టండి. పొద్దున్నే ఉప్పు, పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. టిఫిన్ ఖర్చు సున్నా. పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నం దాకా ఉంచకూడదు.

అంతా ఆకులతోనే సరిపెట్టేస్తే నీరసం వస్తుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుధాన్యాలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉన్నాయి. డబ్బులు మిగిల్చే తొందరలో పప్పు, పెరుగు మాత్రం కోసేయకండి. కూల్‌డ్రింక్ కోయండి, మజ్జిగ తాగండి.

రైతు బజార్‌లో పావుగంట

మేడ మీద అన్నీ పండవు. మిగతావాటికి నాది వారానికి రెండుసార్లు రైతు బజార్. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లు హైదరాబాద్‌లో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి లాంటిచోట్ల ఉన్నాయి. రోజు ధరలు బోర్డు మీద రాసిపెడతారు. ముందు బోర్డు చదవండి, తర్వాత సంచి తీయండి. ఏది చవగ్గా ఉంటే ఆ వారం అదే మెనూ. రెసిపీ చూసి కూరగాయ కొనడం కాదు, కూరగాయను చూసి రెసిపీ.

కొన్ని జాగ్రత్తలు

దోసకాయ, సొరకాయ, బీరకాయ ఏదైనా సరే తరిగే ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి. మన అమ్మలు ఊరికే రుచి చూడరు. ఆ చేదుకు కారణమైన పదార్థాలు విషంలా పనిచేస్తాయి, ముఖ్యంగా చేదు సొరకాయ ఆస్పత్రి పాలు చేస్తుంది.

ఫ్రిజ్ లేకపోతే పప్పు ఒక పూటకే వండండి. నేను ‘బ్యాకప్’ అనుకుని గిన్నెడు వండి, తెల్లారేసరికి నురగ చూసి పారబోశాను. ఇక ఆకుకూరల్ని రెండు మూడు నీళ్లలో కడగాలి. మేడ మీదివైనా సరే, దుమ్ము ఎవర్నీ వదలదు.

ఇంతకీ ఏమైంది?

నాలుగో నెల ఆఖర్లో ఒక ఆఫర్ వచ్చింది. పాత జీతంలో మూడో వంతు కోత, పైగా రెండేళ్ల బాండ్. పాత లెక్క ప్రకారం అప్పటికి నా ఖాతాలో సున్నా ఉండాలి. సున్నా ఉన్నవాడు బాండ్ చదవడు, సంతకం పెడతాడు. నా దగ్గర ఇంకా 22 వేలున్నాయి. రాత్రంతా ఆలోచించి, వద్దని మెయిల్ పెట్టాను. చేతులు వణికాయి, అబద్ధమెందుకు!

నాలుగు వారాలకు రెండో ఆఫర్ వచ్చింది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం అదే. అప్పటికి ఖాతాలో మిగిలింది ఏడు వేలు. మొదటి జీతం వచ్చేదాకా రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకున్నా. అందరూ ఇలా వద్దనలేరు. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్ల లెక్క వేరు. రెండో ఆఫర్ రావడంలో నా అదృష్టమూ ఉంది. కానీ వద్దనే అవకాశం మాత్రం అదృష్టం ఇచ్చింది కాదు. రోజుకు అరగంట వంట, బకెట్టు కడుగునీళ్లు ఇచ్చాయి.

ఈ ఆదివారం మీరూ పోయిన నెల ఆర్డర్లు కూడండి. వచ్చిన అంకె కాగితం మీద రాసి స్టవ్ దగ్గర అతికించండి. తర్వాత ఒక పాత బకెట్‌కు రంధ్రాలు పెట్టి, గుప్పెడు తోటకూర విత్తనాలు చల్లండి. నెల తర్వాత ఆ బకెట్‌నూ, ఆ కాగితాన్నీ కలిపి చూడండి.